మైక్రోఎమల్షన్‌లో పాలిమర్: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నీరు, డెకేన్ (ఒక నూనె) సమాన పరిమాణాల్లో తీసుకుని, సి10ఇ4 అనే సర్ఫాక్టెంట్‌తో (నీటినీ నూనెనూ కలిపి ఉంచే సబ్బులాంటి పదార్థం) మైక్రోఎమల్షన్, అంటే నీరు, నూనె విడిపోకుండా నిలిచే తేట మిశ్రమం చేస్తున్నాం. సర్ఫాక్టెంట్ తగ్గించవచ్చని 10,000 అణుభారం పాలిఇథిలిన్ గ్లైకాల్ కలిపితే, తేటగా ఉన్నది కాస్తా విడిపోయింది. పాలిమర్‌తో సర్ఫాక్టెంట్ ఆదా అవుతుందని చదివామే?
– ఎం.ఎస్సీ. విద్యార్థులు, విశాఖపట్నం

జవాబు: మీరు చదివిన పాలిమర్ వేరు, వేసిన పాలిమర్ వేరు. పాలిఇథిలిన్ గ్లైకాల్ పూర్తిగా నీటిలోనే ఉంటుంది, నీటికీ నూనెకూ మధ్య సర్ఫాక్టెంట్ కట్టే పొరకు అంటుకోదు. ఈ గొలుసు చుట్ట వ్యాసార్థం 4–5 నానోమీటర్లు. మైక్రోఎమల్షన్‌లోని సన్నని నీటి పాయల్లో ఇమడలేక విడి నీటిలోకి పోవాలని చూస్తుంది. దాంతో విడిపోవడం సులువై, సర్ఫాక్టెంట్ ఇంకా ఎక్కువ కావాల్సి వస్తుంది.

ఆదా చేసేది బ్లాక్ కోపాలిమర్, అంటే రెండు వేర్వేరు గొలుసులను కలిపి చేసిన పాలిమర్. ఒక సగం నీటిలో, రెండో సగం డెకేన్‌లో ఉంటుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం ఇక్కడ మాత్రం లాభమే: పొర బిగుస్తుంది, తక్కువ సర్ఫాక్టెంట్ సరిపోతుంది. జర్మనీలోని కొలోన్, యూలిష్ పరిశోధకులు 1999లో మీరు వాడిన ఈ మిశ్రమంలోనే దీన్ని చూపారు. మామూలుగా మొత్తం బరువులో 13 శాతం దగ్గర అవసరమయ్యే సర్ఫాక్టెంట్, కొద్దిపాటి కోపాలిమర్‌తో బాగా తగ్గింది.

నీరు 10 గ్రాములు, డెకేన్ 7.3 గ్రాములు, సర్ఫాక్టెంట్ 2.9 గ్రాములు, కోపాలిమర్ 0.15 గ్రాము తీసుకోండి. ముందు పాలిమర్‌ను సర్ఫాక్టెంట్‌లో వేసి 60 డిగ్రీలు దాటేలా వేడిచేసి కరిగించండి. గడ్డలు మిగిలితే తర్వాత ఎంత తిప్పినా పోవు. నీరు, డెకేన్ కలిపి, మూత బిగించిన గొట్టాన్ని నీటి తొట్టిలో 30 డిగ్రీల చుట్టూ 0.1 డిగ్రీ కచ్చితత్వంతో చూడండి. తర్వాత మరికొంత నీరు, డెకేన్ సమ పరిమాణాల్లో కలుపుతూ, ఏకరూపంగా ఉండే ఉష్ణోగ్రత హద్దులు ఎక్కడ కలుస్తాయో గుర్తించండి; అక్కడున్నదే కావాల్సిన కనీస సర్ఫాక్టెంట్. మూత సడలితే డెకేన్ ఎగిరిపోయి లెక్క తప్పుతుంది. క్రాస్డ్ పోలరైజర్ల (అడ్డంగా, నిలువుగా పెట్టిన రెండు ధ్రువణ ఫిల్టర్ల) మధ్య వెలుగు కనిపిస్తే అది మైక్రోఎమల్షన్ కాదు, పొరలు పేర్చినట్టుండే లామెల్లార్ దశ. పాలిమర్ పెంచినకొద్దీ ఈ చిక్కు ఎక్కువ, కాబట్టి తేటగా ఉందని తొందరపడకండి.

ప్రశ్న: నీటిలో నూనె బిందువులున్న మైక్రోఎమల్షన్‌ను జెల్‌లా చేయడం ఎలా?

జవాబు: రెండు కొసలా 12 కార్బన్ల తోక ఉన్న పాలిఇథిలిన్ ఆక్సైడ్ వాడండి. ఒక్కో కొస ఒక్కో బిందువులో దిగి వంతెన కడుతుంది. బిందువులు దూరంగా ఉంటే రెండు కొసలూ ఒకే బిందువులోకి తిరిగొస్తాయి, చిక్కబడదు. అప్పుడు పాలిమర్ పెంచితే బిందువులు దగ్గరకు లాక్కుని, చిక్కని జెల్ ఒకవైపు, పల్చని నీరు మరోవైపు విడిపోతాయి. పెంచాల్సింది మిశ్రమంలో బిందువుల వంతు.