తాళం వేసిన పై ఫ్లాట్లో పైపు పగిలితే కింది ఫ్లాట్ నష్టం ఎవరు భరించాలి?

ప్రశ్న: మాది నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్. మా పై ఫ్లాట్ యజమాని అమెరికాలో ఉంటారు. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన దగ్గర్నుంచి, అంటే రెండు నెలలుగా, దానికి తాళమే. ఒక రాత్రి ఆ ఫ్లాట్ బాత్‌రూమ్‌లో గీజరుకు వెళ్లే కనెక్షన్ పైపు పగిలి తెల్లవార్లూ నీళ్లు పారాయి. మా హాల్లో ఫాల్స్ సీలింగ్ కూలింది, వార్డ్‌రోబ్ ఉబ్బిపోయింది, టీవీ పాడైంది. యజమాని ఫోన్ ఎత్తకపోవడంతో అసోసియేషన్ సెక్రటరీ గారు ప్లంబర్‌ని, వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని తాళం పగలగొట్టించి వాల్వ్ కట్టించారు. మరమ్మతులకు 2.40 లక్షలు అవుతుందని కాంట్రాక్టర్ రాసిచ్చాడు. ఆ యజమానేమో ‘నేను ఊళ్లోనే లేను, నా తప్పేముంది? పైగా నా తాళం పగలగొట్టినందుకు కేసు పెడతాను’ అంటున్నారు. మీలో మీరే తేల్చుకోవాలని అసోసియేషన్ చేతులు దులుపుకుంది. బిల్డర్ ఫ్లాట్లు అప్పగించి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. నష్టపరిహారం ఎవరి నుంచి రాబట్టాలి? అది తేలేవరకు మెయింటెనెన్స్ కట్టడం ఆపేయవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: ఇటువంటి వివాదాల్లో తప్పెవరిదన్న వాదన కంటే ముందు తేలవలసింది, పైపు సరిగ్గా ఏ చోట పగిలింది, ఆ చోటు ఎవరి అధీనంలో ఉంది అన్నది. ఉభయ రాష్ట్రాల్లోనూ వర్తిస్తున్న 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ట్యాంకులు, మోటార్లు, అందరికీ నీరు అందించే ఏర్పాట్లను ఉమ్మడి సౌకర్యాలుగా గుర్తించింది. కాబట్టి టెర్రస్ మీది ట్యాంకు నుంచి డక్ట్ (పైపుల కోసం వదిలిన నిలువు సందు) గుండా దిగే పైపు పగిలితే దాని బాధ్యత అసోసియేషన్‌కు చుట్టుకుంటుంది. ఆ పైపు నుంచి చీలి ఒక ఫ్లాట్ లోపలికి వెళ్లి, ఆ ఫ్లాట్‌కు మాత్రమే నీరిచ్చే లైన్ సంగతి వేరు. అది ఆ యజమాని బాగుచేసుకోవలసినది. గీజరుకు వెళ్లే కనెక్షన్ పైపు ఈ రెండో కోవలోనిదే గనుక, అసోసియేషన్ ఇది తమ ఖర్చు కాదని అనడంలో తప్పులేదు. అయితే ఆ రాత్రి ఏం జరిగిందో కళ్లారా చూసింది వాళ్లే కాబట్టి, సాక్ష్యం చెప్పే బాధ్యత నుంచి తప్పుకోవడానికి మాత్రం వీల్లేదు.

పై ఫ్లాట్ నుంచి నీరు పడింది కాబట్టి పై ఫ్లాట్ యజమాని పరిహారం ఇచ్చి తీరాలని చాలామంది అనుకుంటారు. చట్టం అంత సూటిగా లేదు. తన స్థలంలో ప్రమాదకరమైనదాన్ని పోగుచేసినవాడు, అది బయటికి పొర్లి పక్కవాడికి హాని చేస్తే, నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా బాధ్యుడేనని 1868లో రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ కేసులో ఇంగ్లండ్‌లో తీర్పు వచ్చింది. అది ఒక మిల్లు కోసం కట్టిన జలాశయం వ్యవహారం. ఇంట్లో వాడుకునే మామూలు నీటి పైపుకు ఆ సూత్రం వర్తించదని 1913లో రికార్డ్స్ వర్సెస్ లోథియన్ కేసులో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ పాలిత దేశాలకు నాటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానం) స్పష్టం చేసింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆ కేసులో వాస్తవాలు మీ ఇంటి సంగతికి దగ్గరగానే ఉన్నాయి. నాలుగో అంతస్తులోని వాష్‌బేసిన్ కన్నాన్ని ఎవరో కావాలని మూసి కుళాయి తిప్పి వదిలేయడంతో, రెండో అంతస్తులో అద్దెకున్న వ్యక్తి సరుకు తడిసిపోయింది. ఆ పని మూడో మనిషి దురుద్దేశంతో చేసినది, పైగా నీటి ఏర్పాటు మామూలు వాడకానిదే కాబట్టి, పై అంతస్తు హక్కుదారు మీద బాధ్యత మోపలేదు. అందువల్ల మీరు నిర్లక్ష్యాన్ని చూపించవలసి ఉంటుంది.

మీ కేసులో అది చూపించడం కష్టమని నేను అనుకోను. నెలల తరబడి ఇల్లు ఖాళీగా ఉంచేవారు కనీసం ఆ ఫ్లాట్‌కు వెళ్లే మెయిన్ వాల్వ్ కట్టేయించాలి, తాళంచెవి సెక్రటరీ దగ్గరో బంధువుల దగ్గరో ఉంచాలి, అత్యవసరంలో పలికే నంబరు ఒకటి ఇవ్వాలి. ఇవేవీ ఖర్చుతో కూడిన పనులు కావు. ‘నేను ఊళ్లో లేను’ అన్న మాట యజమానికి రక్షణ అవుతుందని ఆయన అనుకుంటున్నారేమో గానీ, నా దృష్టిలో అది ఆయనకే ఎదురు తిరిగే మాట: ఊళ్లో ఉండనని ముందే తెలిసినప్పుడు ముందుజాగ్రత్త అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు. దీనికి తోడు, మామూలుగా జాగ్రత్తగా ఉంటే జరగని సంఘటన ఒకరి అధీనంలోని చోట జరిగినప్పుడు, తాను తగిన జాగ్రత్త తీసుకున్నానని వారే వివరించుకోవాలన్న సూత్రాన్ని మన న్యాయస్థానాలు పాటిస్తాయి. లోగడ మీ స్లాబుకు చెమ్మ దిగుతోందని ఆయనకు గానీ, అద్దెకున్నవారికి గానీ వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పంపి ఉన్నా మీ వాదనకు అది చాలా బలం.

ఇప్పుడు సాక్ష్యం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కేసులు ఎక్కువగా ఇక్కడే వీగిపోతాయి. పగిలిన కనెక్షన్ పైపు ఇప్పుడు ఎక్కడుంది? ప్లంబర్ కొత్తది బిగించి పాతదాన్ని చెత్తబుట్టలో వేయడం పరిపాటి. అది ఇంకా దొరికే అవకాశం ఉంటే ఈరోజే వెతికించండి. స్టీలు జాలీ తుప్పు పట్టి లోపలి రబ్బరు గొట్టం చీలిందా, లేక నట్టు దగ్గర అడ్డంగా విరిగిందా అన్నదాన్ని బట్టి, పాతబడినా మార్చని యజమాని నిర్లక్ష్యమా, బిగించిన వారి పనితనంలో లోపమా, సరుకే నాసిరకమా అన్నది తేలుతుంది. ఆ ముక్కను ఒక కవర్లో వేసి, తేదీ రాసి, అంటించిన చోట సెక్రటరీ గారి చేత, ప్లంబర్ చేత సంతకాలు చేయించి, సెక్రటరీ గారి దగ్గరే ఉంచండి. ఏ సమయానికి నీరు పడటం గమనించారు, యజమానికి ఎన్నిసార్లు ఫోన్ చేశారు, తాళం ఎవరెవరి ఎదుట తీశారు, లోపల ఏ పైపు పగిలి కనిపించింది అన్న వివరాలతో సెక్రటరీ గారు, ప్లంబర్, వాచ్‌మన్ విడివిడిగా రాసి సంతకం చేసిన కాగితాలు తీసుకోండి. మెట్ల దగ్గరి సీసీ కెమెరా దృశ్యాలు కొద్ది రోజుల్లో వాటంతట అవే చెరిగిపోతాయి కాబట్టి వాటిని వెంటనే కాపీ చేయించండి. ఫోటోలు, వీడియోలు తీసిన ఫోన్‌ను మార్చకండి, అమ్మకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని కోర్టులో దాఖలు చేసేటప్పుడు నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం జతచేయాలి. మూల పరికరం చేతిలో ఉంటే ఆ పని సులువవుతుంది.

తాళం పగలగొట్టినందుకు కేసు పెడతానన్న బెదిరింపుకు మీరు గానీ, సెక్రటరీ గారు గానీ కలవరపడనక్కరలేదు. అక్రమ ప్రవేశం నేరం కావాలంటే నేరం చేయాలనో, ఇంట్లో ఉన్నవారిని బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉండాలి. పైగా భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్, పాత శిక్షాస్మృతిలోని 81వ సెక్షన్ లాగే, మరో పెద్ద హానిని తప్పించడానికి నేర ఉద్దేశం లేకుండా సద్భావంతో చేసిన పనిని నేరంగా పరిగణించదు. స్లాబులోంచి నీరు కారుతూ కరెంటు వైర్ల మీద పడుతున్న వేళ, యజమాని ఫోన్ ఎత్తనప్పుడు చేసిన పనికి ఇంతకంటే సమర్థన అక్కర్లేదు. టెర్రస్ మీద ఆ ఫ్లాట్‌కు విడిగా వాల్వ్ ఉండి, అది కట్టేస్తే సరిపోయేదే అయితే మాత్రం తాళం జోలికి వెళ్లడం ఎందుకన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు సెక్రటరీ గారి కాగితంలో ఉండేలా చూసుకోండి. కొత్త తాళం ఖరీదు ఇచ్చేస్తామని రాతపూర్వకంగా చెబితే ఆ గొడవ అక్కడితో సద్దుమణుగుతుంది.

పరిహారం మొత్తం విషయంలో మీరు కాస్త సర్దుకోవలసి రావచ్చు. ఎనిమిదేళ్ల నాటి టీవీకి కొత్త టీవీ ధర కోర్టు ఇవ్వదు, వాడకం తరుగు తీసేస్తుంది. ఫాల్స్ సీలింగ్, రంగులు, వైరింగ్ వంటి మరమ్మతులకైన వాస్తవ ఖర్చు, ఇంట్లో ఉండలేని స్థితి వస్తే వేరేచోట ఉన్నందుకు కట్టిన అద్దె అడగవచ్చు. కాంట్రాక్టర్ అంచనా కాగితం ఒక్కటే చాలదు, జీఎస్టీ బిల్లులు, చెల్లింపు రసీదులు కావాలి. యజమాని దిగివచ్చేదాకా ఇంటిని అలాగే ఉంచుదామనుకోకండి. నష్టం పెరగకుండా చూసుకోవలసిన బాధ్యత నష్టపోయినవారి మీద కూడా ఉంటుంది. కాబట్టి ఫోటోలు తీసి, వీలైతే స్వతంత్ర ఇంజనీర్ చేత నివేదిక రాయించుకుని, పనులు మొదలుపెట్టండి.

మీ ఇంటి రుణంతో పాటు బ్యాంకు వాళ్లు అంటగట్టిన బీమా పాలసీ ఏదైనా ఉంటే తీసి చదవండి. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఇస్తున్న భారత్ గృహ రక్ష పాలసీలో, నీటి ట్యాంకులు, పైపులు పగలడం లేదా పొంగిపొర్లడం వల్ల కలిగే నష్టం కవర్ అవుతుంది. మామూలుగా భవనంతో పాటు ఇంట్లోని సాధారణ సామాన్లకూ, భవనం బీమా మొత్తంలో 20 శాతం మేరకు, గరిష్ఠంగా 10 లక్షల వరకు రక్షణ ఉంటుంది. నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయర్ రాకముందే శిథిలాలన్నీ ఎత్తివేయించకండి. బీమా సొమ్ము చేతికి వచ్చాక ఆ మేరకు పై యజమాని మీద వసూలు హక్కు కంపెనీకి సంక్రమిస్తుంది కాబట్టి, ఒకే నష్టానికి రెండుచోట్లా తీసుకోవడం కుదరదు.

బిల్డర్ మాటకొస్తే, రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు పనితనంలో, నాణ్యతలో, సేవల ఏర్పాటులో లోపం బయటపడి, దాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లోగా సొంత ఖర్చుతో సరిచేయాలి. గోడలో దాచిన సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు జాయింటు ఊడి ఉంటే ఈ దారి మీకు బాగా ఉపయోగపడేది. గీజరును, దాని కనెక్షన్ పైపును సాధారణంగా ఫ్లాట్ తీసుకున్నవారో అద్దెకున్నవారో బిగించుకుంటారు గనుక, మీ విషయంలో బిల్డర్ మీద ఆశ పెట్టుకోవద్దనే నా సలహా. ఆ పైపును అద్దెకున్నవారే బిగించారని యజమాని వాదిస్తే, అది వారిద్దరి మధ్య లెక్క. ఖాళీ చేసి వెళ్లాక ఫ్లాట్ తిరిగి యజమాని అధీనంలోకే వచ్చింది కదా.

మెయింటెనెన్స్ మాత్రం ఆపకండి. లిఫ్టు, మోటారు, వాచ్‌మన్ జీతం కోసం కట్టే ఆ సొమ్ముకూ మీ నష్టానికీ సంబంధం లేదు. పైగా రేపు మీ తరఫున సాక్ష్యం చెప్పవలసిన సెక్రటరీ గారినే దూరం చేసుకున్నవారవుతారు.

ఇక చేయవలసింది: సేల్ డీడ్‌లో ఉన్న పేరుతో యజమానికి న్యాయవాది ద్వారా నోటీసు పంపండి. ఫ్లాట్ చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో, అమెరికా చిరునామాకు కొరియర్‌లో, ఈమెయిల్‌లో, ఇక్కడ ఆయనకు జీపీఏ హోల్డర్ (ఆయన తరఫున వ్యవహరించే అధికారం రాసిచ్చిన వ్యక్తి) ఉంటే వారికి కూడా పంపండి. స్పందన లేకపోతే నేరుగా దావాకు వెళ్లే బదులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (దావాకు ముందే రాజీ కోరే) దరఖాస్తు పెట్టడం మేలు. దానికి కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డుకు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో, సమానమైన బలం ఉంటుంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. అక్కడ తేలకపోతే సివిల్ దావా తప్పదు. ఆస్తి ఇక్కడే ఉంది, నష్టం ఇక్కడే జరిగింది, కాబట్టి ఆయన ఎక్కడున్నా ఇక్కడి కోర్టుకు విచారణ పరిధి ఉంటుంది. ఇక్కడ ఏజెంటు లేని విదేశీ నివాసికి పోస్టు, కొరియర్, ఈమెయిల్ ద్వారా సమన్లు పంపడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఐదో ఆర్డర్ 25వ రూల్ వీలు కల్పిస్తోంది. దావా వేయడానికి గడువు సంఘటన జరిగిన నాటి నుంచి మూడేళ్లు. ఫోన్లలో బేరాలు సాగుతున్నంత మాత్రాన అది ఆగదు.

ఈలోపు యజమాని మెత్తబడి కొంత సొమ్ము పంపితే తీసుకోండి, అందులో అభ్యంతరం లేదు. అయితే అది ‘పాక్షిక చెల్లింపు’ అని, మిగిలిన మొత్తానికి మీ హక్కు నిలిచే ఉంటుందని ఆ రోజే వాట్సాప్‌లోనూ ఈమెయిల్‌లోనూ రాసి పంపండి. ‘ఇంతటితో లెక్క తీరింది’ అనే అర్థం వచ్చే కాగితం ఏది వచ్చినా న్యాయవాదికి చూపించకుండా సంతకం పెట్టకండి.