కొట్టు కొత్తది, సామాను పాతది

ప్రశ్న: అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, మెంఫిస్ నుంచి నాష్‌విల్‌కు కారులో వస్తూ జాక్సన్ దగ్గర భోజనానికి ఆగాం. పాతకాలపు కిరాణా కొట్టూ, భోజనశాలా ఒకే కప్పు కింద ఉన్నాయి. పక్కనే ఒక ఇంజిన్ డ్రైవరు ఇల్లు ఉంది. ఆ కొట్టు ఆయన కాలం నాటిదేనా?
– ఒక పాఠకురాలు, నాష్‌విల్

జవాబు: కాదండీ. ‘ఓల్డ్ కంట్రీ స్టోర్’ పేరుతో మీరు చూసిన ఆ కొట్టును 1965లో బ్రూక్స్ షా దంపతులు ప్రారంభించారు. కార్లు, మంచి రోడ్లు, సూపర్ మార్కెట్లు వచ్చాక అమెరికా దక్షిణాది పల్లె కొట్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్న రోజులవి. పాత కొట్ల సామాన్లంటే షాకు మహా ఇష్టం. తాను సేకరించిన ఆ సామాన్లతోనే ఆయన కొట్టును అలంకరించి, దానికి భోజనశాలను జతచేశారు. ఆ ఇంజిన్ డ్రైవరు పేరే పెట్టుకున్న, ఇప్పుడున్న ‘కేసీ జోన్స్ విలేజ్’ అనే చోటుకు అది 1978లో మారింది.

అసలు పల్లె కొట్టు సంగతి వేరు. పత్తి రైతు ఉప్పు, కిరసనాయిలు, మేకులు, బట్ట అన్నీ అక్కడే అరువు మీద తెచ్చుకుని, పంట అమ్మాక బాకీ తీర్చేవాడు. చేతిలో పైసా లేని ఇల్లాలు కోడిగుడ్లిచ్చి పంచదార పట్టుకెళ్లేది. చాలాచోట్ల షావుకారు రాబోయే పంటనే తాకట్టు పెట్టుకుని, అరువు సరుకుకు ఎక్కువ ధర కట్టేవాడు కనుక, ఎంత పండించినా బాకీ తీరని కుటుంబాలెన్నో ఉండేవి. గాజు జాడీల్లోని మిఠాయిని చూసి ముచ్చటపడే మనకు ఆ ఖాతా పుస్తకం కనపడదు.

ఇక రైలు విషయం. జాక్సన్ రైలు మార్గాలు కలిసే ఊరు. ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వేలో డ్రైవరైన జాన్ లూథర్ జోన్స్, అంటే అందరూ పిలుచుకునే కేసీ జోన్స్, అక్కడే కాపురముండేవాడు. 1900 ఏప్రిల్ 29 అర్ధరాత్రి దాటాక, గంటకు పైగా ఆలస్యంగా మెంఫిస్‌లో బయలుదేరిన ప్రయాణికుల బండిని కాంటన్‌కు నడుపుతూ, పోయిన సమయాన్ని దాదాపు పూర్తిగా రాబట్టాడు. తెల్లవారుజామున మిసిసిపీ రాష్ట్రంలోని వాన్ వద్ద, పక్క లైనులో పట్టక ప్రధాన మార్గం మీదనే మిగిలిన గూడ్స్ పెట్టెలు ఎదురయ్యాయి. బొగ్గు వేసే సహాయకుడు సిమ్ వెబ్‌ను దూకెయ్యమని, తాను మాత్రం ఇంజిన్‌లోనే ఉండి వేగం తగ్గించే ప్రయత్నం చేశాడు. ఆ ప్రమాదంలో చనిపోయింది ఆయనొక్కడే. తర్వాత కార్మికుల నోట పుట్టిన పాట ఆయన పేరును దేశమంతా మోసింది.

ఆయన కాపురమున్న ఇల్లు 1956లో మ్యూజియమైంది. దాన్ని 1980లో అలాగే ఎత్తి, కొట్టు పక్కకు చేర్చారు. అంటే మీరు చూసిన ఇల్లు అసలుదే, చోటు మాత్రం అసలుది కాదు. ఆయన సమాధి జాక్సన్‌లోనే, మౌంట్ కాల్వరీ శ్మశానంలో ఉంది.