మట్టిలోకి దిగే ఆ జానెడు వైరు

"నెల్లూరు నుంచి వచ్చి మడిపాక్కంలో కింది పోర్షను అద్దెకు తీసుకున్నాం అన్నా. గేటు లైటు వైరు గోడ దిగి మట్టిలోకి పోతోంది. దాని మీది తెల్ల పైపు నేల దగ్గర పగిలింది. ఇంట్లో చిన్న పాప ఉంది. టేపు చుడితే చాలా?"

చాలదు తమ్ముడూ. టేపు ఒక్క వానాకాలం కూడా ఆగదు. తమిళుల ఐప్పసి, కార్తీక మాసాల్లో, అంటే అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా, చెన్నైలో పడే వాన నీకింకా అనుభవం కాలేదు. అక్టోబరులోపే పని చేయించు.

2015 డిసెంబరు వరదల్లో మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీసి, కరెంటు వచ్చిన రోజు మా ఆవిడ గేటు పట్టుకుంటే చెయ్యి జిల్లుమంది. మెయిన్ ఆపి, గునపంతో తవ్వి చూశాను. పైపును సరిగ్గా నేల మట్టానికి కోసి వదిలేశారు. దాని అంచు ఆనిన చోట వైరు తొడుగు చుట్టూ ఉంగరంలా తెగి, లోపల రాగి పచ్చగా చిలుమెక్కి ఉంది. అటు జానెడు, ఇటు జానెడు వైరు మాత్రం కొత్తదిలాగే ఉంది.

పూడ్చిన మట్టి వాన పడ్డప్పుడల్లా కొంత కుంగుతుంది. కుంగుతూ వైరునీ కిందికి లాగుతుంది. పైన గోడకు క్లాంపులు బిగించి ఉంటాయి కాబట్టి ఆ లాగుడంతా పైపు అంచు దగ్గరే పడుతుంది. పైగా ఎండకు పెళుసెక్కిన పైపు, పార దెబ్బ, బండి స్టాండు, పందికొక్కులు. పందికొక్కుని ఇక్కడ తమిళంలో పెరుచ్చాళి అంటారు, మాట గుర్తుంచుకో, ఓనరుకు చెప్పేటప్పుడు పనికొస్తుంది.

మంచి ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆర్మర్డ్ కేబుల్, అంటే లోపల ఇనప తొడుగున్న కేబుల్, వేయించమను. మామూలు ఇంటి వైరు మట్టిలో పనికిరాదు. జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనప పైపు, గోడ మీద ఛాతీ ఎత్తు నుంచి మొదలై, నేల దాటి, గుంత అడుగుదాకా దిగి, అక్కడ పెద్ద వంపు తిరగాలి. రెండు మూతులకూ బుష్, అంటే నున్నటి అంచు తొడుగు, పెట్టించు, అంచు కోయకుండా. పై మూతిని వాన నీరు దిగకుండా సీల్ చేయాలి, కింది మూతిని మూయకూడదు, లోపల చేరిన చెమ్మ మట్టిలోకి పోవాలి. గుంతలో కేబుల్‌ని తాడులా బిగించకుండా కాస్త వదులుగా వంకర పెట్టి పరిస్తే మట్టి కుంగినా లాగదు. కేబుళ్లు వేయడానికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 1255 ప్రకారం లోతు 750 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. కింద, పైన ఇసుక, దాని మీద వరసగా ఇటుకలు. రేపెవరైనా గునపం వేస్తే ముందు ఇటుక తగులుతుంది. కేబుల్ ఆర్మర్‌కీ, జీఐ పైపుకీ, ఇనప గేటుకీ ఎర్త్ ఇచ్చారో లేదో నువ్వే దగ్గరుండి చూడు. తిరువాన్మియూరులాంటి సముద్రపు గాలి తగిలే చోటైతే నేల దగ్గర జీఐ పైపు త్వరగా తుప్పు పడుతుంది, అక్కడ మందపాటి నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు మేలు.

ఖర్చు ఎక్కువని ఓనరు వాయిదా వేస్తే, కనీసం ఆ లైనుకి 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి, పెట్టించు, దాని టెస్ట్ బటన్ అప్పుడప్పుడూ నొక్కి చూడు. అదీ అయ్యేదాకా గేటు లైటు ఎంసీబీ, అంటే బోర్డులో ఆ లైను స్విచ్చి, ఆపేసే ఉంచు. చిన్న పాప ఉందన్నావు, గేటు పట్టుకునే ఎత్తుకి వచ్చేసి ఉంటుంది.

వీధి చివర పిల్లర్ బాక్సు, అంటే ఇళ్లకు కరెంటు పంచే పెట్టె, చుట్టూ నీళ్లు నిలిస్తే అటు వైపే వెళ్లొద్దు. విద్యుత్ సంస్థ వాళ్ల ఫిర్యాదుల కేంద్రం మిన్నగం నంబరు 94987 94987, ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకో.