ఇళ్లు ముందా, దారి ముందా?

ప్రశ్న: మేడమ్, అనంతపురం శివారులో స్థలం కొన్నాం. ఇళ్లు లేస్తున్నాయి, దారి మాత్రం లేదు. ఆఫ్రికాలో నగరాలు మనకంటే వేగంగా పెరుగుతున్నాయంటారు. ఆర్థికశాస్త్రం అక్కడ ఏమైనా దారి చూపిందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: చూపిందమ్మా. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ శివారులో 1970లు, 80లలో ప్రపంచ బ్యాంకు సాయంతో ఖాళీ నేల మీద ముందే వీధులు గీశారు, హద్దులు పాతారు, నీటి గొట్టాలు వేశారు. ఇళ్లు ఎవరికి వారే కట్టుకున్నారు. సింజా అలాంటి పేట. అదే నగరంలోని మంజెసేలో మాత్రం అప్పటికే కిక్కిరిసిన ఇళ్ల మధ్యకు రోడ్లు, నీళ్లు తెచ్చారు. దశాబ్దాల తరువాత పరిశోధకులు చూస్తే, ముందే గీసిన పేటల్లోనే ఇళ్లు పెద్దవి, గట్టివి. హద్దు తేలి, గుమ్మం దాకా బండి వస్తే మనిషి ధైర్యంగా ఇటుక మీద ఇటుక పెడతాడు. చదవని వారికీ తెలిసిన లెక్కే ఇది!

కర్నూలులో మా సందులో ఇళ్లన్నీ లేచాక కాలువ తవ్వారు. మా అరుగు మెట్లు మూడూ పోయాయి. ఎదురింటి ముసలమ్మ ఇప్పటికీ బండరాయి మీద కాలు పెట్టి దిగుతుంది. ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

మరి ఈ దారులకు, గొట్టాలకు డబ్బు ఎక్కడిది? సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో 2020లో ఉపగ్రహ చిత్రాల సాయంతో ఇళ్లను లెక్కించి, ఇంటి హంగులకు మార్కులు వేసి, ఆ ప్రకారం ఆస్తి పన్ను సవరించారు. మేడకు ఎక్కువ, రేకుల ఇంటికి తక్కువ.

మీరు మాత్రం పునాదులు తీయకముందే ఇరుగుపొరుగును కూడగట్టండి. ఆమోదించిన లేఅవుట్ పటం అడిగి తీసుకుని, దారి వెడల్పు టేపుతో కొలిచి, రాళ్లు పాతించండి.