పోర్టబుల్ ఏసీ గదిని చల్లబరచడం లేదు, డబ్బు వెనక్కి అడగవచ్చా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఒక టన్ను పోర్టబుల్ ఏసీ కొన్నాను. '150 చదరపు అడుగుల గదిని నిమిషాల్లో చల్లబరుస్తుంది' అని ప్రకటనలో ఉంది. మా పడకగది 130 అడుగులే. 18లో పెట్టి మూడు గంటలు నడిపినా గది 30 డిగ్రీల కిందికి దిగడం లేదు. కంపెనీ టెక్నీషియన్ వచ్చి చూసి 'లోపం లేదు' అని రాసిచ్చాడు. 7 రోజుల రిటర్న్ గడువు దాటిపోయిందని అమ్మకందారు అంటున్నాడు. నాకు దారేమైనా ఉందా?

జవాబు: ఉంది. అయితే ఏ కారణం చూపి అడుగుతారన్న దాని మీదే కేసు నిలబడుతుంది. 'ఏసీ చెడిపోయింది' అని ఫిర్యాదు రాస్తే టెక్నీషియన్ ఇచ్చిన కాగితమే మీకు అడ్డం తిరుగుతుంది. యంత్రంలో ఏ చెడూ లేకుండానే గది చల్లబడకపోవచ్చు. పోర్టబుల్ ఏసీల్లో ఇది తరచూ జరిగేదే. అలాంటప్పుడు ఫిర్యాదు యంత్రం మీద కాకుండా, ప్రకటనలో ఇచ్చిన మాట మీద ఉండాలి.

ఎందుకలా జరుగుతుందో ముందు తెలుసుకోండి, వినియోగదారుల కమిషన్ ముందు మీరు చెప్పాల్సింది ఇదే. ఒకే గొట్టం ఉన్న పోర్టబుల్ ఏసీ తన కండెన్సర్ (గది నుంచి లాగిన వేడిని వదిలే భాగం) వేడిని తీసేయడానికి గదిలోని గాలినే వాడుకుని, దాన్ని గొట్టం గుండా బయటికి తోసేస్తుంది. ఎంత గాలి బయటికి పోతే అంత గాలి తలుపు కింది సందుల్లోంచి, కిటికీ అంచుల్లోంచి మళ్లీ లోపలికి రావాలి. వచ్చేది గది బయటి వేడిగాలే. పైగా వేడెక్కిన ఆ గొట్టం గదిలోనే ఉండి తానూ వేడిని వదులుతుంది. అందుకే ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం), అంటే సుమారు 3.5 కిలోవాట్లు అని పెట్టె మీద రాసి ఉన్నా గదికి దక్కే చల్లదనం అంతకంటే తక్కువే. రెండు గొట్టాల రకం కండెన్సర్‌కు కావలసిన గాలిని బయటి నుంచే తెచ్చుకుంటుంది కాబట్టి ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది.

మీది ఏ కోవకు చెందుతుందో తేల్చే పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. ఫిల్టర్ కడిగి ఆరబెట్టండి. కూల్ మోడ్‌లో కనిష్ఠ ఉష్ణోగ్రత, గరిష్ఠ ఫ్యాన్ పెట్టి 20 నిమిషాలు నడపండి. గాలి లోపలికి వెళ్లే జాలీ దగ్గర, చల్లగాలి వచ్చే మూతి దగ్గర డిజిటల్ థర్మామీటరుతో కొలవండి. రెంటికీ మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్టే. తేడా రెండు మూడు డిగ్రీలే ఉంటే గ్యాస్ లీకో, కంప్రెసర్ సమస్యో అనుకోవాలి. అప్పుడు అది చట్టం చెప్పే అసలైన 'లోపం', టెక్నీషియన్ నివేదికను ధైర్యంగా సవాలు చేయవచ్చు. ఏసీ నడుస్తుండగా తలుపు కింది సందు దగ్గర టిష్యూ ముక్క పట్టుకుని చూడండి. అది గది లోపలివైపు ఊగితే బయటి గాలి వస్తున్నట్టు. ఇదంతా తేదీ, సమయం కనిపించేలా కోత లేని ఒకే వీడియోగా తీయండి.

ఒక హెచ్చరిక. గొట్టాన్ని మాన్యువల్ చెప్పినదానికంటే పొడిగించినా, మెలికలు తిప్పినా, కిటికీ పట్టీ సరిగా బిగించకపోయినా అవతలివాళ్లు ముందుగా పట్టుకునేది దాన్నే. అవి సరిచేసి, మళ్లీ కొలిచాకే కాగితం మీద పెట్టండి.

ఇక చట్టం సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) అనుచిత వాణిజ్య విధానాలేవో చెబుతుంది. వస్తువుకు లేని ప్రమాణాన్ని ఉన్నట్టు చెప్పడం అందులో ఒకటి. తగిన పరీక్ష చేయకుండా పనితీరుకు గ్యారంటీ ఇవ్వడం మరొకటి. పరీక్ష చేశాకే చెప్పామని కంపెనీ వాదిస్తే, దాన్ని రుజువు చేయాల్సిన భారం కంపెనీదేనని అదే నిర్వచనం చెబుతోంది. మీ కేసుకు ఇదే ఆయువుపట్టు. '150 చదరపు అడుగులు' అన్న సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ పరిస్థితుల్లో పరీక్షించారో చూపమని నోటీసులోనే అడగండి.

7 రోజుల గడువు అమ్మకందారు తనకు తాను పెట్టుకున్న విధానం. వస్తువు లోపభూయిష్టమైనా, ప్రకటించిన గుణాలు లేకపోయినా వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అనడానికి వీల్లేదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. కానీ 'చప్పుడు ఎక్కువగా ఉంది', 'నీళ్ల తొట్టి నిండి ఆగిపోతోంది' అన్నవి వేరు. కంప్రెసర్ గదిలోనే ఉన్నప్పుడు చప్పుడు తప్పదు. గాలిలో తేమ ఎక్కువైతే తొట్టి నిండుతుంది, నీరు తీసేయమని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ప్రకటనలో డెసిబెల్ సంఖ్య ఇచ్చి అది తప్పిందంటే తప్ప ఈ రెండింటినీ ఫిర్యాదులోకి తేకండి, బలమైన అంశం పలుచబడుతుంది.

ఈ రోజే చేయాల్సిన పని ప్రకటన పేజీని లింకు, తేదీతో సహా భద్రపరచడం. రేపటికి ఆ వాక్యం మారిపోవచ్చు. బిల్లు, వారంటీ కార్డు, టెక్నీషియన్ కాగితం, పెట్టె మీది లేబుల్, యంత్రం వెనుక సాంకేతిక వివరాలుండే రేటింగ్ ప్లేటు ఫొటోలు దగ్గర పెట్టుకోండి. ప్రకటనలోని బీటీయూ సంఖ్యను ప్లేటు మీది దానితో, మాన్యువల్‌లోని దానితో పోల్చి చూడండి. ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ ఉంటే అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. ఫొటోలు, వీడియోలు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63(4) కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం జత చేస్తే అభ్యంతరాలకు తావుండదు.

బయటి మెకానిక్‌తో మాత్రం గ్యాస్ నింపించకండి. సీలు తెగితే వారంటీతో పాటు సాక్ష్యమూ పోతుంది.

మొదట వెబ్‌సైట్ గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ నమోదు చేయించండి. ఫలితం లేకపోతే తయారీ కంపెనీ, అమ్మకందారు, వెబ్‌సైట్ ముగ్గురికీ 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. వినియోగదారుల ఫిర్యాదుకు నోటీసు తప్పనిసరి కాదు గానీ, వాళ్లిచ్చే జవాబు మీకు పనికొస్తుంది. ఆ తర్వాత మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు వేసే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా అయినా, ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు కాబట్టి ఫీజు లేదు. వివాద కారణం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లలోగా వేయాలి (వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69). బిల్లు మీ సంస్థ పేరున, జీఎస్టీ నంబరుతో ఉంటే 'వాణిజ్య అవసరానికి కొన్నారు' అన్న అభ్యంతరం వస్తుంది. ఇంటి వాడకానికేనని అఫిడవిట్‌లో స్పష్టంగా రాయండి.

మీ కొలతల్లో తేడా తక్కువగా వచ్చి లోపం మీదే కేసు నడిపేటట్టయితే, అదే చట్టం సెక్షన్ 38(2)(సి) కింద ప్రయోగశాల పరీక్ష కోరుతూ దరఖాస్తు పెట్టండి. దాని రుసుము మొదట మీరే జమ చేయాలి. నిపుణుల నివేదిక లేని 'తయారీ లోపం' వాదన సాధారణంగా నిలవదు. చట్టం ప్రకారం పరీక్ష అవసరం లేని కేసు 3 నెలల్లో, అవసరమైనది 5 నెలల్లో తేలాలి, ఆచరణలో ఇంకా ఆలస్యమవుతుంది. ఫిర్యాదు చివర మీ కోరికలు రాసే 'ప్రార్థన' భాగంలో వడ్డీతో సొమ్ము వాపసు, అది కుదరకపోతే మార్పిడి, ఖర్చులు, సముచితమైన పరిహారం అడగండి. పరిహారాన్ని లక్షల్లోకి పెంచి రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఒకవేళ మీ యంత్రానికి బయటికి పోయే గొట్టమే లేకుండా, నీళ్లు పోసి వాడేదయితే అది ఏసీ కాదు, కూలర్. రేటింగ్ ప్లేటు మీద రిఫ్రిజిరెంట్ (చల్లబరిచే గ్యాస్) పేరు (ఆర్-32, ఆర్-410ఏ, ఆర్-290 వంటిది) లేదని ఫొటో తీసి పెడితే చాలు, తప్పుడు వర్ణన అని తేలిపోతుంది.

నోటీసు అందాక 'అదే మోడల్ కొత్తది ఇస్తాం' అని ఫోన్ రావచ్చు. ఒకే గొట్టం సమస్య అయితే కొత్తదీ గదిని అలాగే ఉంచుతుంది. తీసుకునేటట్టయితే 'పూర్తి, తుది పరిష్కారం' అన్న కాగితం మీద సంతకం చేయకండి, 'హక్కులకు భంగం లేకుండా స్వీకరించాను' అని మీ చేతిరాతతో రాసి, ఒక ప్రతి దగ్గర ఉంచుకోండి.