పాఠకుల ప్రశ్నలు: వైనరీలో టేస్టింగ్

ప్రశ్న: పెళ్లిరోజుకు నంది కొండల దగ్గర ఒక కుటుంబం నడిపే చిన్న వైనరీకి వెళ్దామని మావారు అంటున్నారు. మేమిద్దరం ఎప్పుడూ వైన్ తాగలేదు. అక్కడ ఏం చేస్తారు, మేమేం చేయాలి? తిరుగు ప్రయాణంలో కారు ఆయనే నడపాలి.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందు కారు సంగతి. టేస్టింగ్‌లో, అంటే వైన్‌ల రుచి చూపించేటప్పుడు, సాధారణంగా ఐదారు రకాలు, ఒక్కోటి 30 మి.లీ. చొప్పున పోస్తారు. చూడ్డానికి గుక్కెడే. ఐదూ మింగితే 150 మి.లీ. అవుతుంది. 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ అంత తాగడమంటే 45 మి.లీ. విస్కీ తాగినట్టే. డ్రైవరు రక్తంలో 100 మి.లీ.కి 30 మి.గ్రా. ఆల్కహాల్ మించకూడదని చట్టం. 60 కిలోల మనిషి ఆ హద్దు దాటడానికి ఆ ఐదు గుక్కలు చాలు. మీ ఇంటికి 150 కిలోమీటర్ల పైచిలుకు దారి. డ్రైవర్ని పెట్టుకోండి. లేదంటే మీవారు ప్రతి గుక్కా ఉమ్మేయాలి. బల్ల మీద పాత్ర పెట్టేది అందుకే. వైన్ తయారుచేసేవాళ్లు కూడా రుచి చూసి ఉమ్ముతారు, అందులో మర్యాద తప్పేదేమీ లేదు.

చిన్న వైనరీకి ఫోన్ చేయకుండా వెళ్లొద్దు. తోట చూసుకునేది, ట్యాంకులు కడిగేది, మీకు గ్లాసులో పోసేది ఆ ఇంటివాళ్లే. ఎన్ని రకాలు పోస్తారు, రుసుం ఎంత, బాటిల్ కొంటే అందులోంచి తగ్గిస్తారా, ట్యాంకుల గది చూపిస్తారా అని ముందే అడగండి. వయసు రుజువు వెంట ఉంచుకోండి.

ఆ రోజు సెంటు వద్దు, తల్లో మల్లెపూలూ వద్దు. మూర మల్లెల ముందు తెల్ల వైన్ వాసన నిలవదు.

తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత, తీపివి చివర పోస్తారు. తీపి ముందు తగిలితే తర్వాతవన్నీ పుల్లగా అనిపిస్తాయి మరి. గ్లాసును కాడ దగ్గర పట్టుకోండి, అరచేతి వేడి వైన్‌కు తగలకూడదు. బల్ల మీదే ఉంచి రెండుసార్లు గుండ్రంగా తిప్పి, ముక్కు గ్లాసులోకి వంచి కొద్దికొద్దిగా పీల్చండి. సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో పచ్చిగడ్డి, షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో మిరియాలు తరచుగా తగిలే వాసనలు. మీకు తగలకపోతే తగలలేదనే చెప్పండి. తర్వాత చిన్న గుక్క తీసుకుని ఐదారు సెకన్లు నోరంతా తిప్పండి. నోట్లో నీరూరితే అది పులుపు. నేరేడుపండు తిన్నాక చిగుళ్లు పట్టేస్తాయే, అలా ఉంటే వగరు. ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి దిగిన టానిన్ అది.

మన ఊళ్లలో ‘వైన్స్’ బోర్డున్న కొట్లో బ్రాందీ అమ్ముతారు కాబట్టి వైన్ కూడా గొంతు మండాలనుకునేవాళ్లు చాలామంది. అది నిజం కాదు. ఎర్ర వైన్‌ను 16–18 డిగ్రీల్లో పోయాలి. 30 డిగ్రీల గదిలో ఉంచి పోస్తే ఆల్కహాల్ ఘాటు ముందుకొచ్చి మిగతా వాసనలన్నీ అణిగిపోతాయి. అలా అనిపిస్తే కాస్త చల్లబరచమనండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ దోషం, వెనిగర్ వాసన వస్తే గాలి తగిలి పులిసినట్టు. మొహమాటపడకుండా చెప్పండి. వేరే బాటిల్ తెరవడమే రివాజు.

ప్రశ్న: టేస్టింగ్‌కు ముందు ఏం తినొచ్చు?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. అలాగని ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినీ వెళ్లొద్దు. కారం తిన్న నోట్లో ఆల్కహాల్, టానిన్ రెట్టింపు మండుతాయి. ఇడ్లీ, పెరుగన్నం మంచివి. కాఫీ, కిళ్లీ గంట ముందే మానేయండి.

ప్రశ్న: మా పందిరి ద్రాక్ష, థాంప్సన్ రకం, ఎంతో తియ్యన. దాంతో మంచి వైన్ ఎందుకు రాదంటారు? వైనరీకి వెళ్తే రైతుగా నేను చూడాల్సింది ఏమిటి?
– ఒక రైతు, తాడిపత్రి

జవాబు: తినే ద్రాక్షలో రసం, కండ ఎక్కువ, తొక్క పలచన. వైన్‌కు రంగు, వగరు, వాసనలో చాలా భాగం ఇచ్చేది తొక్కే. అందుకే వైన్ రకాల కాయ చిన్నది, తొక్క మందం, లోపల గింజలు. తీపి లెక్క కూడా చూడండి. బ్రిక్స్‌ను, అంటే రసంలో చక్కెర కొలతను, సుమారు 0.55తో గుణిస్తే వచ్చే ఆల్కహాల్ శాతం తెలుస్తుంది. 23 బ్రిక్స్‌లో కోస్తే 12.5 దాటుతుంది. 17లో కోసిన కాయతో 9 చిల్లర, వైన్ నీళ్లగా ఉంటుంది, త్వరగా చెడుతుంది. బెంగళూరు బ్లూ రకం ద్రాక్ష మాత్రం తినడానికీ, రసానికీ, తీపి వైన్‌కూ పనికొస్తుంది.

కుదిరితే ఫిబ్రవరిలో వెళ్లండి, కోతలు నడుస్తుంటాయి. ఏప్రిల్ కత్తిరింపులో ఏం తీశారు, అక్టోబరు కత్తిరింపులో కొమ్మకు ఎన్ని కళ్లు (చిగురు మొలిచే కణుపులు) వదిలారు అని అడగండి. ట్యాంకుల గదిలో ఎర్ర ద్రాక్ష తొక్కలతో సహా పులుస్తుంటే దగ్గర నిలబడి చూడండి. పొంగే గాలికి తొక్కలన్నీ పైకి తేలి గట్టి అట్టు కడతాయి. రోజుకు రెండుమూడుసార్లు ఆ అట్టును కర్రతో లోపలికి నొక్కాలి. వదిలేస్తే పైన ఎండి వెనిగర్ క్రిములు పడతాయి, కింద రసానికి రంగూ దిగదు. మన ఎండల్లో అసలు గండం వేడి. ట్యాంకులో 35 డిగ్రీలు దాటితే చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే ఈస్ట్ నీరసించి చచ్చిపోతుంది, చక్కెర పులియడం సగంలోనే ఆగిపోతుంది. ట్యాంకు చుట్టూ చల్లనీళ్ల తొడుగు ఉండేది అందుకే. దానికి ఎంత ఖర్చయిందో అడగకుండా రావద్దు.

ప్రశ్న: వైనరీలో కొన్న తెల్ల వైన్ ఫ్రిజ్‌లో పెడితే అడుగున గాజుపొడి లాంటి పలుకులు చేరాయి. పారేయాలా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: వద్దు. పలుకు ఒకటి వేళ్ల మధ్య నలపండి, గాజులా గుచ్చుకోదు, ఇసుకలా పొడి అవుతుంది. నాలుక మీద పెడితే పుల్లన. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లమే ద్రాక్షలోనూ ఉంది. చల్లబడ్డాక అది పొటాషియంతో కలిసి గడ్డకడుతుంది. పెద్ద వైనరీలు బాటిల్లో నింపే ముందే వైన్‌ను బాగా చల్లబరచి ఆ పలుకుల్ని వడకడతాయి, చిన్నవాళ్లు చాలాసార్లు అలాగే వదిలేస్తారు. బాటిల్‌ను గంటసేపు నిలబెట్టి, కదపకుండా వంచి పోసుకుని, చివరి రెండు చెంచాలు వదిలేయండి.

ఈసారి కొనేటప్పుడు రాష్ట్ర సరిహద్దు దాటించడానికి ఎక్సైజ్ అనుమతి సంగతి ముందే కనుక్కోండి. దారిలో భోజనానికి ఆగినప్పుడు బాటిల్‌ను మూసిన కార్లో వదలొద్దు. ఎండలో కారు లోపల 50 డిగ్రీలు దాటుతుంది, వైన్ ఉబ్బి కార్క్ పైకి తోసుకొస్తుంది, ఆ వైన్ ఉడికిన పండు రుచికి తిరుగుతుంది. తడి గోనెసంచిలో చుట్టి మీతోపాటే నీడకు తీసుకెళ్లండి.