ఫస్ట్ ఆదివాసీ మహిళ ఎవరు అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది ములుగు దిక్కు కోయగూడెం, హనుమకొండల డిగ్రీ సెకండియర్ చదువుతున్న. క్లాసుల సెమినార్ ఇస్తూ ఆస్ట్రేలియా పార్లమెంటుకు పోయిన ఫస్ట్ ఆదివాసీ మహిళ లిండా బర్నీ అని చెప్పిన, సార్ ఏమో కాదు నోవా పెరిస్ అన్నరు. నేను తప్పు చెప్పిన్నా? ఇంకోటి, లిండా మంత్రిగ ఉన్నప్పుడు పెట్టిన రెఫరెండం ఓడిపోయింది కదా, ఇంక ఆమె సాధించింది ఏముంది అని నా ఫ్రెండ్ అడిగితే నాకు జవాబు రాలే.

– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చెల్లె, సార్ చెప్పింది కరెక్టే, నువ్వు ఒక్క మాట వదిలేసినవ్ అంతే. మనకు లోక్‌సభ, రాజ్యసభ ఉన్నట్టే అక్కడ కూడ రెండు సభలు. 2013ల పై సభ సెనేట్‌కు పోయింది నోవా పెరిస్, అట్లాంటా ఒలింపిక్స్‌ల హాకీ టీంతోటి గోల్డ్ గెలిచిన ప్లేయర్. 2016ల కింది సభకు గెలిచిన మొదటి ఆదివాసీ మహిళ లిండా. అసలు ఈ ఇద్దరికంటే ముందు, 2001లనే, వెస్టర్న్ ఆస్ట్రేలియా రాష్ట్ర అసెంబ్లీకి కింబర్లీ నుంచి కారల్ మార్టిన్ గెలిచింది, ఆ దేశంల ఏ చట్టసభకైనా గెలిచిన ఫస్ట్ ఆదివాసీ మహిళ ఆమెనే, కానీ ఆమె పేరు ఎవ్వరు చెప్పరు, నాకు అదే బాధ.

లిండా 1957ల పుట్టింది, విరాజురి తెగ. నాయనెవరో తెల్వకుండ పెద్దయింది, పెంచింది తల్లి దిక్కు ముసలి బంధువులు, టీచర్ అయినంక 1984లగాని నాయనను చూడలే. 2003ల న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర పార్లమెంటుకు గెలిచింది, అంతకుముందు ఆదివాసీ మగవాళ్లు కూడ ఎవ్వరు అక్కడ గెలవలే. అక్కడ మన ములుగు లెక్క రిజర్వుడు సీట్లు ఉండవు, అందరి ఓట్లు అడుక్కొని గెలవాలె.

2016 ఆగస్టు 31న కింది సభల ఆమె ఫస్ట్ స్పీచ్. కంగారూ తోలుతోటి చేసిన పెద్ద శాలువ కప్పుకొని వచ్చింది, దానిమీద ఆమె తెగ గుర్తు ఉడుము, ఆమె సొంత గుర్తు తెల్ల కాకటూ చిలుక. మీ ఇలవేల్పు పడిగె జెండామీద బొమ్మలు ఉంటయి కదా, అది యాదికి తెచ్చుకో, నీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ శాలువ కుట్టిన ఫ్రెండ్ లినెట్ రైలీ గ్యాలరీల నిలబడి విరాజురి భాషల పాట పాడింది, నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూసిన్నో.

ఇగ రెఫరెండం. ప్రభుత్వానికి సలహా ఇచ్చేటందుకు ఆదివాసులకు ఒక సంస్థ ఉండాలె, అది రాజ్యాంగంల రాయాలె అని 2023 అక్టోబర్ 14న ఓటు పెట్టిన్రు. నూటికి 60 మంది వద్దన్నరు, ఆరు రాష్ట్రాల్ల ఒక్కటి కూడ ఒప్పుకోలే. ఆదివాసులేమో జనాభాల నూటికి నలుగురు కూడ లేరు, వాళ్ల గురించిన సంగతి మిగిలినోళ్ల చేతిల ఉండె. లిండా 2024ల మంత్రి పదవి వదిలేసింది, 2025 ఎలక్షన్‌ల పోటీ చేయలే.

నీ ఫ్రెండ్‌కు ఇట్ల చెప్పు. లిండా పుట్టినప్పుడు దేశ జనాభా లెక్కల్ల ఆదివాసుల్ని కలపొద్దని రాజ్యాంగంలనే ఉండె, ఆ ముక్క తీసేద్దామా అని 1967ల ఓటు పెడితే నూటికి 90 మందికి పైన అవునన్నరు. అప్పుడు ఆమెకు పదేండ్లు. ఆ పదేండ్ల పిల్లనే 2022ల ఆదివాసీ వ్యవహారాల మంత్రి అయింది, ఆ శాఖకు మంత్రి అయిన మొదటి ఆదివాసీ మహిళ. రెఫరెండం ఓడిపోయింది నిజమే, ఇది కూడ నిజమే.

సెమినార్ పేపర్ల "కింది సభకు" అని చేర్చి, కారల్ మార్టిన్ పేరు అన్నిటికంటే పైన రాయి. మీ ములుగు నుంచే 2023 డిసెంబర్‌ల మంత్రి అయిన సీతక్క కోయ బిడ్డనే కదా, ఆమె గురించి కూడ ఒక పేరా పెట్టు, సార్‌ను అడిగి ఇంకో పది నిమిషాలు టైం తీసుకో.